చెయ్యి వేయకూడని బ్రేకు

కాజీపేట,
జూన్ 9.

మావయ్య గారికి ప్రసన్న వందనాలు.

నిన్న ఫోనులో మీరు "మజ్జిగ చిలికే పరీక్షకి రైల్వే వాళ్లు నిన్నెందుకు పంపుతున్నారే?" అని అరిచిన అరుపుకి, మా క్వార్టర్సులో పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. నేను చెప్పింది కవ్వం కాదు మావయ్యా, కవచ్. ముప్పై ఒక్క ఏళ్లు జనాన్ని గోదారి దాటించే పంటు మీద ఇంజను పక్కన నిలబడి మీ చెవులు పోయాయి. కళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి, ఇకనుంచి ఉత్తరాలే రాస్తాను.

ఈ ఉత్తరం మీరు ఎలాగూ సఖినేటిపల్లి రేవులో అందరికీ చదివి వినిపిస్తారు. అందుకని మొదటినుంచీ చెబుతాను. మీ మేనకోడలు రైలింజన్లో అసిస్టెంటు. లోకో పైలట్ బండి నడుపుతారు, పక్క సీట్లో కూర్చుని సిగ్నల్ ఎర్రో పచ్చో చూసి గట్టిగా చెప్పేది నేను. ఆయనకి ఏదైనా అయితే, నా పక్కనే ఉన్న ఎమర్జెన్సీ బ్రేకు లాగాల్సింది కూడా నేనే.

ఇప్పుడు కవచ్ సంగతి. పట్టాల మధ్య అడ్డంగా ఉండే స్లీపర్లకి చిన్న చిన్న బిళ్లలు బిగిస్తారు. వాటి మీదుగా పోతున్నప్పుడు ఇంజనుకి తాను ఎక్కడుందో తెలుస్తుంది. స్టేషను దగ్గరి టవరు నుంచి ముందున్న సిగ్నల్ రంగేమిటో రేడియోలో వస్తుంది. ఎర్ర సిగ్నల్ దగ్గర పడుతున్నా పైలట్ బ్రేకు వేయలేదనుకోండి. కునుకు పట్టిందో, పొగమంచులో కనపడలేదో, ఒంట్లో బాగోలేదో. అప్పుడు ఇంజను తనంతట తానే బ్రేకు వేసుకుని ఆగిపోతుంది. మనిషిని అడగదు, మనిషి కోసం చూడదు.

మా దగ్గర ఒక కొత్త లైను ముక్కలో ఇది బిగించడం పూర్తయింది. ఏ స్టేషనో రాయను, పెదబాబు టీ కొట్లో మీరు మ్యాపు వేసి మరీ చెబుతారు. పరీక్ష ఏమిటంటే, ఎర్ర సిగ్నల్ మీదికి గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో పోవాలి. ఎవరూ బ్రేకు ముట్టుకోకూడదు. ముందున్న లైనంతా ఖాళీ చేయిస్తారు కాబట్టి భయం లేదు. పైలట్ సత్యనారాయణమూర్తి గారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఆయన నవ్వగా డిపోలో ఎవరూ చూడలేదు. డిపోలో ఉన్న అసిస్టెంట్లందరిలోకీ ఆయన నా పేరు చెప్పారు మావయ్యా, నా పేరు!

పిలిచి, "ప్రసన్నకుమారి గారూ, ఆ రోజు మీ పని ఏమీ చేయకపోవడం. చేయగలరా?" అన్నారు.

"ఆయ్, చేస్తానండి," అన్నాను. మన యాసకి గదిలో అందరూ నవ్వారు, ఆయన తప్ప.

ఇంటికొచ్చి తలుపేసుకుని గెంతాను. కింద ఇంటావిడ చీపురుకట్టతో కప్పు పొడిచింది. మళ్లీ గెంతాను. ఏమీ చేయకుండా కూర్చోవడం కన్నా తేలికైన పని ఇంకేముంటుంది చెప్పండి?

మీ ప్రసన్న


సఖినేటిపల్లి,
జూన్ 21.

అమ్మా ప్రసన్నా, దీవెనలు.

అక్షరాలు చూసి కంగారు పడకు. నా కళ్లజోడు గోదాట్లో పడిపోయింది. రేవు దగ్గర పొట్టిక్కలమ్మే పాపాయమ్మ గారిని బతిమాలితే రాసి పెడుతున్నారు. పనస ఆకుల బుట్టల్లో పిండి పోసి ఉడికిస్తారు చూడు, అవి. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తారు.

(అలాగని నేను మాటివ్వలేదండి. — పాపాయమ్మ)

నీ ఉత్తరం ఆవిడ చదువుతుంటే పంటు దిగినవాళ్లు దిగినట్టే నిలబడిపోయేరు. ఎక్కాల్సినవాళ్లు ఎక్కలేదు. నరసాపురం వెళ్లే పెళ్లివారు కూడా ఆగి విన్నారు. పెదబాబు ఒక ప్రశ్న వేసేడు. మనిషికి నిద్ర పడితే యంత్రం చూసుకుంటుంది, బానే ఉంది, మరి ఆ యంత్రానికే నిద్ర పడితేనో అన్నాడు. నేను చెప్పలేకపోయేను. నువ్వు రాయి.

నాకు మాత్రం ఇది నచ్చలేదమ్మా. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఈ రేవులో సరంగుని. పంటు ఎక్కేవాళ్లు నా మొహం చూసి ఎక్కేవారు. చూరు కింద నిలబడి చక్రం పట్టుకున్నవాడు సాలమోను అని చంటిపిల్లలకి కూడా తెలుసు. రైల్లో అలా కాదు. ముందెక్కడో ఎవడో ఉంటాడు, వాడి మొహం ఎవరికీ తెలీదు. ఇప్పుడు వాడు కూడా చెయ్యి వెయ్యక్కర్లేదంటున్నావు. ఇంకెవర్ని చూసి ఎక్కాలి? నువ్వు రైల్లో చేరి ఆరేళ్లయినా నేను ఎక్కలేదంటే, తీరిక లేకే.

(తీరిక! పొద్దున ఏడు నుంచి నా బల్ల మీదే కూచుంటారండి. అసలు సంగతి భయం. టీవీలో ఎక్కడో బోగీలు పడిపోయాయని చూపించేరంటే లేచి గట్టు మీదికి పోతారు. ఆ బండిలో మీరు లేరని తెలిసేదాకా టీ కూడా తాగరు. ఇది రాయమని ఆయన చెప్పలేదు.)

ఆవిడ ఏదో చాలాసేపు రాసింది. నేను చెప్పింది రెండు మాటలే. జాగ్రత్తగా ఉండు. ఆ మూర్తి గారి మాట విను. ఎలా జరిగిందో వెంటనే రాయి.

మీ మావయ్య
సాలమోను


కాజీపేట,
జూలై 6.

మావయ్య గారికి,

పరీక్ష జరిగింది. మళ్లీ ఇంకోసారి చేస్తారట. ఎప్పుడో తెలీదు. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నేను బాగానే ఉన్నాను.

పాపాయమ్మ గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ ఎవరు మావయ్యా? మీరెప్పుడూ చెప్పలేదు.

ప్రసన్న


సఖినేటిపల్లి,
జూలై 20.

అమ్మా ప్రసన్నా,

నీ ఉత్తరం అరపేజీ. అందులో వానలు ఒక ముక్క. నువ్వు ఇలా రాస్తే ఏదో జరిగిందని అర్థం. పదో తరగతిలో లెక్కల పరీక్ష పోయినప్పుడు కూడా "ఎండ బాగా ఉంది" అన్నావు. చెప్పదలుచుకున్నప్పుడే చెప్పు, తొందర లేదు.

పాపాయమ్మ గారు ఎవరంటావా? ముమ్మిడివరం వాళ్లు. భర్త పోయి ఇరవై ఏళ్లు దాటింది. పద్దెనిమిదేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసి, కొడుకు బెన్నీని చదివించేరు. ఆ అబ్బాయి గుంటూరులో కళ్లాసుపత్రిలో ల్యాబ్ పని చేస్తున్నాడు. ఆవిడ తిరిగొచ్చి రేవులో పొట్టిక్కలు పెట్టేరు. కొబ్బరి పచ్చడి చాలా బావుంటుంది. అంతే. ఇంకేం లేదు.

(ఇంకేం లేదని రెండుసార్లు రాయమన్నారు. ఒకసారే రాసేను.)

మీ మావయ్య
సాలమోను

అదే కవరులో మడిచిన చిన్న కాగితం:

ప్రసన్న గారికి నమస్కారమండి.

ఈ కాగితం ఆయనకి చూపించలేదు. మీ మావయ్య మీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి సరిగ్గా తినడం లేదు. నాలుగు పొట్టిక్కలు తినే మనిషి రెండే తింటున్నారు. ఏం జరిగిందో నాకైనా రాయండి.

నేను ముందు నా సంగతి చెబుతాను, అప్పుడు మీకు చెప్పడం తేలికవుతుంది. జూన్ నెల మొదట్లో నేనే ఆయన్ని అడిగేనండి. "సాలమోను గారూ, మీరొక్కరూ, నేనొక్కదాన్ని. పెళ్లి చేసుకుందామా?" అని.

"వినపడలేదండి," అన్నారు.

కాస్త గట్టిగా అడిగేను. "వినపడలేదండి." మూడోసారి, ఈ రోజు టిఫిన్లు రాసే పలక తుడిచేసి, దాని మీద పెద్దక్షరాలతో రాసి చూపించేను. "కళ్లజోడు లేదండి," అన్నారు. అప్పుడు కళ్లజోడు ముక్కు మీదే ఉందండి! మర్నాడే అది గోదాట్లో పడిపోయింది. ఎలా పడిందని అడిగితే, "వంగేను, పడింది," అన్నారు.

కాదంటే కాదనొచ్చు, నేనేమీ అనుకోను. ఆయన కాదనడం లేదు. రోజూ వచ్చి బల్ల మీద కూచుంటారు. ఏం చెయ్యాలో చెప్పండి.

పాపాయమ్మ


కాజీపేట,
ఆగస్టు 1.

మావయ్య గారికి, పాపాయమ్మ గారికి,

ఈసారి ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. పాపాయమ్మ గారూ, నన్ను "గారు" అనకండి, నువ్వు అనండి. మీ కాగితం నాలుగుసార్లు చదివాను. అందులో ఏముందో మావయ్యకి చెప్పను. మావయ్యా, మీకు నిజంగానే వినపడదా?

ఇక నా సంగతి. పరీక్ష పాడు చేసింది నేను.

ఆ రోజు ఇంజన్లో మేమిద్దరమే కాదు, వెనకాల ఇంజనీర్లు, ఇన్‌స్పెక్టర్లు కలిసి ఆరుగురు. ఈ ముక్కలో ప్రతి బిళ్లా దగ్గరుండి బిగించిన ఇంజనీరు రమ్యశ్రీ గారు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నాలుగు నెలలు ఎండలో పట్టాల వెంట తిరిగారామె. బయల్దేరాం. సిగ్నల్ వరకూ ఎంత దూరముందో స్క్రీన్ మీద పడుతోంది. వెయ్యి మీటర్లు. తొమ్మిది వందలు.

"ఎర్ర!" అన్నాను.

"ఎర్ర!" అన్నారు మూర్తి గారు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, గుళ్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఎనిమిది వందలు. ఏడు వందలు. ఎర్ర దీపం పెద్దదవుతోంది. వేగం తగ్గలేదు. ఆ క్షణంలో మిషను గురించి నాకు తెలిసినదంతా ఎక్కడికి పోయిందో మావయ్యా. నా చెయ్యి నన్నడక్కుండానే వెళ్లి ఎమర్జెన్సీ బ్రేకు లాగేసింది. బ్రేకుల గాలి బుస్సుమని పోయింది, ఇంజను కుదుపుతో ఆగింది. వెనకాల ఎవరిదో టీ ఫ్లాస్కు దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చింది.

"ఎవరు లాగారు?"

"నేనండి."

రమ్యశ్రీ గారు లాప్‌టాప్ మూసేశారు. అంతకన్నా తిట్టినా బావుండేది. ఇంకో రెండు సెకన్లలో మిషను తనే వేసేదట. రెండు సెకన్లు! నేను ఆగలేకపోయాను. లైను మళ్లీ ఖాళీ చేయించడానికి నెలల ముందు అడగాలి. నా సంజాయిషీ రాసిచ్చాను. తర్వాతి పరీక్షకి వేసిన జాబితాలో నా పేరు తీసేశారు.

రెండు వారాలు మూర్తి గారు నాతో డ్యూటీ మాటలు తప్ప మాట్లాడలేదు. మొన్న ఆఫీసరు గది బయట నిలబడి ఉంటే లోపల ఆయన గొంతు వినపడింది.

"ఎర్ర చూసి చెయ్యి కదలని అసిస్టెంట్లని నేను చూశానండీ. వాళ్లతో పని చేసినప్పుడు నేను ఇద్దరు మనుషుల పని చేశాను. ఈ అమ్మాయి చెయ్యి కదిలింది. అది తప్పని మీ రిపోర్టులో రాసుకోండి. కానీ నా పక్కన మళ్లీ ఆ అమ్మాయే కూర్చోవాలి. లేకపోతే నేనూ రాను."

నా పేరు మళ్లీ ఎక్కించారు. పరీక్ష సెప్టెంబరు మొదటి వారంలో. సంతోషపడాలి కదా. భయంగా ఉంది. ఇంట్లో కుర్చీలో కూర్చుని, గోడ మీద ఎర్ర కాగితం అతికించి, చేతులు కట్టుకుని దాన్ని చూస్తున్నాను. కింద ఇంటావిడ వచ్చి చూసి, ప్రార్థన చేయించమంది.

ప్రసన్న


సఖినేటిపల్లి,
ఆగస్టు 24.

అమ్మా ప్రసన్నా,

గోదారికి వరద నీరొచ్చి పది రోజులు పంటు ఆపేసేరు. టపా కూడా ఆగింది. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. నరసాపురంలో కొత్త కళ్లజోడు తీసుకున్నాను. అయినా అక్షరాలు ఇంతింత పెద్దవి రాస్తేగాని నాకు కనపడటం లేదు. పేజీకి ఎనిమిది వరసలే పట్టేయి, అందుకే ఇన్ని కాగితాలు. పాపాయమ్మ గారికి ఇది తెలియకూడదు.

నేను పంటు ఎందుకు మానేసేనో నీకు చెప్పింది అబద్ధం. మోకాలు నొప్పి కాదు.

మూడేళ్ల కిందట జనవరిలో, పొద్దున ఏడింటికి, మంచు బాగా ఉంది. పంటు మీద పెళ్లివారి వ్యాను, నలభై మంది, పూలదండ వేసుకున్న పెళ్లికొడుకు. నీళ్లేదో మంచేదో నాకు తెలియడం లేదు. అంతా తెలుపే. అంతకు ముందు ఏడాది నుంచే కళ్లు మసకగా ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. నాకు దారి తెలుసులే, చేతులకి తెలుసులే అనుకున్నాను. నాతో పనిచేసే బాబూరావు ముందు నిలబడి, "సరంగు గారూ, మేట! ఇసుక మేట! ఆపండి!" అని అరుస్తున్నాడు. చెవులకి అందలేదు. చెయ్యి కదల్లేదు.

పంటు వెళ్లి మేట మీద కూచుంది. దేవుడి దయ, ఎవరికీ గోరు కూడా చిట్లలేదు. పెళ్లికొడుకుని మాత్రం మోకాలి లోతు నీళ్లలోంచి ఇద్దరు భుజాల మీద మోసుకుపోయేరు. బాజాలవాళ్లు నీళ్లలోనే వాయించేరు. ముహూర్తానికి అందుకున్నారు. అందరూ నవ్వేరు, నేనూ నవ్వేను. ఒడ్డుకి చేరాక తాళం బాబూరావు చేతిలో పెట్టి దిగిపోయేను. ఆ మేట బదులు అక్కడ పిల్లలున్న నాటు పడవ ఉంటే? మూడేళ్లుగా ఆ మాట ఎవరితోనూ అనలేదు.

కవచ్ గురించి నేను జూన్‌లో రాయించింది కొట్టెయ్. ఆ రోజు నా చేతిని నమ్మకుండా పంటుని ఆపేది ఏదైనా ఉంటే, దాన్ని కౌగిలించుకునేవాణ్ణి. నీ చెయ్యి కదిలింది. నా చెయ్యి కదల్లేదు. నువ్వు సిగ్గుపడకు, ఆ సిగ్గు నాది. వెళ్లి ఆ పరీక్ష చెయ్యి. అది సరిగ్గా ఆగుతుందో లేదో నీలాంటిదే చూడాలి.

ఇక రెండో సంగతి. నాకు వినపడిందమ్మా. మూడుసార్లూ వినపడింది. పలక కూడా చదివేను, అక్షరాలు అంత పెద్దవి రాసింది ఆవిడ. కళ్లజోడు నేనే వదిలేను. పద్దెనిమిదేళ్లు ఎవరింట్లోనో కష్టపడి వచ్చిన మనిషి. ఇప్పుడు చెవులూ కళ్లూ లేని నన్ను ఆవిడ నెత్తిన ఎలా పెట్టను? ఆవిడతో ఏమీ అనకు.

మావయ్య


కాజీపేట,
సెప్టెంబరు 6.

మావయ్య గారికి,

ఆగింది! ఆగింది! ఆగింది!

ఎర్ర సిగ్నల్‌కి నలభై రెండు మీటర్ల ముందు ఆగింది. నేను చెయ్యి వేయలేదు!

మొదటినుంచీ రాస్తాను, లేకపోతే పెదబాబు ఒప్పుకోడు. మొన్న నాలుగో తేదీ. సన్నగా వాన. స్టేషన్లో లైను కోసం ఎదురు చూస్తుంటే నేను నా చేతుల్నే చూసుకుంటున్నాను. మూర్తి గారు చూసి, "ఏదైనా మాట్లాడండి," అన్నారు. నాకు మీ ఉత్తరమే గుర్తొచ్చింది. క్షమించండి మావయ్యా, మీ పెళ్లికొడుకు సంగతి చెప్పేశాను. బాజాలవాళ్లు నీళ్లలో నిలబడి వాయించారనేసరికి సత్యనారాయణమూర్తి గారు నవ్వారు! పళ్లన్నీ కనపడేలా నవ్వారు! వెనకాల ఇన్‌స్పెక్టరు ఒకాయన లేచి నిలబడి మరీ చూశారు. తర్వాత ఆయన కళ్లు తుడుచుకుని, "ఆ సరంగు గారు తనే దిగిపోయారు చూశారా, అది అందరి వల్లా కాదు," అన్నారు. ఆ మాట మీకు అక్షరం పొల్లుపోకుండా చేరవేస్తున్నాను.

బయల్దేరాం. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. తొమ్మిది వందలు. ఎనిమిది. "ఎర్ర!" "ఎర్ర!" ఏడు వందలు. చేతులు కింద గింజుకుంటున్నాయి మావయ్యా, పట్టిన చేపల్లాగా. బజరు మోగింది. రమ్యశ్రీ గారు ఊపిరి బిగబట్టారు, నాకు తెలిసింది, ఎందుకంటే నేనూ బిగబట్టాను. అప్పుడు, ఎవరూ ముట్టుకోకుండా, గాలి చప్పుడు. మీటరు ముల్లు దిగడం మొదలెట్టింది. యాభై. ముప్పై. పది. మెత్తగా ఆగింది. వాన చప్పుడు, వైపరు చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందు ఎర్ర దీపం.

తర్వాత ఎనిమిది మందీ ఒకేసారి అరిచాం. రమ్యశ్రీ గారు నన్ను వాటేసుకుని ఏడ్చారు, నేనూ ఏడ్చాను, ఎందుకో ఇద్దరికీ తెలీదు. మూర్తి గారు గొడుగు లేకుండా కిందికి దిగి, సిగ్నల్ దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, తడిసి ముద్దయి తిరిగొచ్చారు. "సరిపోయింది," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఇంకో పరీక్ష. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర పడగానే హారన్ దానంతటదే మోగాలి. మోగింది! గేటు అవతల గేదెల్ని ఆపుకుని నిలబడిన పెద్దాయన బెదిరిపోయి మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టాడు. మూర్తి గారు కిటికీలోంచి రెండు చేతులూ బయటపెట్టి, "నేను కాదు, నేను కాదు," అన్నారు. అది కూడా డిపోలో ఎవరూ చూడలేదు, నేనే చూశాను.

పెదబాబుకి జవాబు: ఆ మిషనుకి నిద్ర పడితే స్క్రీన్ మీద ఆ మాట పడుతుంది. అప్పుడు మామూలుగా మేమే నడుపుతాం. నా చెయ్యి ఉన్నది అందుకే. దానికి నేనూ, నాకు అదీ.

ఇక మీకు. గుంటూరులో బెన్నీ ఉన్న చోట శుక్లాలు తీస్తారు, మసక పోతుంది. నేను పాపాయమ్మ గారికి అన్నీ రాసేశాను మావయ్యా. చెప్పొద్దన్నారు, చెప్పాను. నా చెయ్యి మళ్లీ నన్నడక్కుండా పోయింది. ఈసారి సంజాయిషీ కూడా ఇవ్వను.

ప్రసన్న


గుంటూరు,
అక్టోబరు 19.

అమ్మడూ ప్రసన్నా,

మీ మావయ్యకి రెండో కంటికి కూడా ఆపరేషనయ్యింది. బాగా జరిగింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వరండాలో కూచుని, రోడ్డు మీద పోయే బస్సుల బోర్డులన్నీ పైకి చదువుతున్నారు. బెన్నీ చెవులు మూసుకుని తిరుగుతున్నాడు. నాలుగు రోజులకే ఇద్దరూ ఒక జట్టయిపోయేరు.

నీ ఉత్తరం రాగానే నేను ఆయన ఎదురుగా చదివేను, ఆయన మీదున్న ముక్కలతో సహా. తల వంచుకుని కూచున్నారు. "మీ కళ్లు నాకు బరువని మీకెవరు చెప్పేరండి? నన్నడిగేరా?" అన్నాను. ఆయన లేవబోయేరు. "సరే, పెళ్లి మాట తర్వాత. ముందు గుంటూరు పదండి, రైల్లో," అన్నాను. రెండు వారాలు పట్టింది ఒప్పించడానికి.

పంటు దాటి నరసాపురం స్టేషనుకి వెళ్లేం. పగటి బండి. ఆయన పెట్టెలోకి ఎక్కకుండా ప్లాట్‌ఫారం పట్టుకుని ముందుకి నడుస్తున్నారు. నేను సంచులతో వెనకాల. ఇంజను దాకా వెళ్లి, కిటికీలో ఉన్నాయనకి దణ్ణం పెట్టేరు. ఆయన పేరు విజయకుమార్ అట.

"అయ్యా, ఈ లైన్లో కవచ్ ఉందాండి?"

"ఇక్కడికింకా రాలేదండి. వస్తుందంటున్నారు."

"మరెలాగండి?"

"ప్రస్తుతానికి నేనున్నానండి," అన్నాడాయన నవ్వుతూ.

మీ మావయ్య ఆయన మొహం కాసేపు చూసేరు. ఆ మసక కళ్లతో ఏం కనిపించిందో. "ఆయ్, చాలండి," అని వచ్చి ఎక్కేరు. కిటికీ ఊచ మాత్రం భీమవరం దాకా వదల్లేదు.

భీమవరం దాటిన కాసేపటికి బండి పొలాల మధ్య ఆగిపోయింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. పెట్టెలో జనం విసుక్కోవడం మొదలెట్టేరు. ఒకాయన రైల్వే వాళ్లని తిడుతున్నాడు. మీ మావయ్య లేచి నిలబడ్డారు. "ఎందుకు ఆగిందండీ అని అడుగుతున్నారు. ముందు ఎర్ర దీపముంది కాబట్టి ఆగింది. ఆగింది కాబట్టి మనం ఇక్కడ కూచుని అడుగుతున్నాం!" అని మొదలెట్టి, పట్టాల మధ్య బిళ్లల నుంచి నీ నలభై రెండు మీటర్ల దాకా అంతా చెప్పేరు. పల్లీలమ్మే ఆయన బుట్ట దింపి విన్నాడు. "మా మేనకోడలు చేతుల మీద కూచుందండి, చేతుల మీద!" అని చూపించేరు కూడా. చివర్లో ఆ విసుక్కున్నాయనే, "మీ అమ్మాయికి మా నమస్కారం చెప్పండి," అన్నాడు. అందుకని చెబుతున్నాను.

బండి కదిలింది. ఆయన వచ్చి నా పక్కన కూచున్నారు. కాసేపు బయటికి చూసేరు. తర్వాత అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదనుకుని, నా చెవి దగ్గరికి వంగి, అరిచేరు: "పాపాయమ్మ గారూ! చేసుకుందామండి! నాకిష్టమేనండి!"

పెట్టె పెట్టెంతా ఇటు తిరిగింది. ముందు పల్లీలాయన చప్పట్లు కొట్టేడు, తర్వాత అందరూ. పక్క పెట్టెలోంచి కూడా మనుషులొచ్చి చూసేరు. ఎదురుగా ఉన్న ముసలావిడ తన సంచిలోంచి రెండు అరిటిపళ్లు తీసి మా ఇద్దరి చేతుల్లో పెట్టింది.

"ఎందుకు కొడుతున్నారు?" అని అడిగేరు ఆయన.

"బండి కదిలింది కదండీ, అందుకు," అన్నాను.

డిసెంబరు పన్నెండున పెళ్లి. ఇప్పుడే సెలవు పెట్టుకో. మూర్తి గారిని కూడా తీసుకురా. ఇంకొక్క మాట. ఆయన ఆ రోజు నా చెవిలో చాలా మెల్లగా చెప్పేననే అనుకుంటున్నారు. నువ్వు మాత్రం చెప్పకు.

మీ అత్తయ్య
పాపాయమ్మ